ఎముకల పాఠం చెప్పే ఉద్యోగం: ఏ దారిలో వెళితే ఏం దొరుకుతుంది

పొలంలో జేసీబీతో మట్టి తీస్తుంటే మనిషి ఎముకలు బయటపడ్డాయనుకోండి. మన దగ్గర పోలీసులు పంచనామా రాసి, వాటిని మూటగట్టి దగ్గర్లోని ప్రభుత్వ వైద్య కళాశాలకు పంపుతారు. అక్కడ ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రొఫెసర్ చూస్తారు. ఇవి మనిషివేనా, ఆడా మగా, వయసెంత, ఎత్తెంత, గాయాల గుర్తులున్నాయా అని నివేదిక ఇస్తారు. డీఎన్‌ఏ అవసరమైతే నమూనా ఫోరెన్సిక్ ల్యాబుకు వెళుతుంది. ఇదే సంగతి అమెరికాలోని టెనెసీలోనో టెక్సస్‌లోనో జరిగితే, మెడికల్ ఎగ్జామినర్ (అనుమానాస్పద మరణాల్ని పరిశీలించే వైద్యాధికారి) చాలాసార్లు ఫోన్ చేసేది దగ్గరి యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) పాఠం చెప్పే ప్రొఫెసర్‌కు.

ఈ తేడా తెలిస్తే కోర్సు ఎంపికలో సగం గందరగోళం తీరిపోతుంది. బయలాజికల్ ఆంత్రోపాలజీలో (మనిషి శరీరం, జన్యువులు, పరిణామం చదివే జీవ లేదా భౌతిక మానవశాస్త్రం), ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీలో (నేర దర్యాప్తు కోసం ఎముకలు చదివే శాస్త్రం) ప్రొఫెసర్ కావాలనుకునే పిల్లలు కోర్సు పేరు చూస్తారు, ర్యాంకింగ్ చూస్తారు, ఫీజు చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. మీరు పనిచేయబోయే దేశంలో ఎముక ఎవరి బల్ల మీదికి వస్తుంది? పాఠం చెప్పే పోస్టు ఏ శాఖలో ఉంది? అమెరికాలో ఈ రెండూ చాలావరకు ఒకే చోట కలుస్తాయి. మన దేశంలో కలవవు. ఎముక వైద్య కళాశాలలో ఉంటుంది, పాఠం ఆంత్రోపాలజీ శాఖలో ఉంటుంది, విద్యార్థుల రద్దీ ఏమో ఫోరెన్సిక్ సైన్స్ కోర్సుల్లో ఉంటుంది.

పాఠం ఇష్టమా, కేసులు ఇష్టమా అని అడిగితే అందరూ రెండూ అనే చెబుతారు. ఉద్యోగం మాత్రం ఒకటే ఇస్తుంది. రెండోది ఎవరికి వారు సంపాదించుకోవాలి. అందుకే కింద ప్రతి దారి గురించీ చెప్పేటప్పుడు ఆ దారి ఏది చేతికిస్తుంది, దేన్ని మీ కష్టానికి వదిలేస్తుంది అన్నదే చూస్తాను.

మన ఆంత్రోపాలజీ శాఖలు

దేశంలో ఈ సబ్జెక్టుకు వయసు తక్కువేమీ కాదు. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1920లో, ఢిల్లీలో 1947లో శాఖలు మొదలయ్యాయి. తెలుగునాట విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. సెంట్రల్ యూనివర్సిటీ మొగ్గు సామాజిక ఆంత్రోపాలజీ వైపు. భౌతిక మానవశాస్త్రం వైపు మనసున్నవాళ్లకు విశాఖ, తిరుపతి దగ్గరి దారులు. విశాఖలో హ్యూమన్ జెనెటిక్స్‌కు వేరే శాఖే ఉండడం అదనపు లాభం. ఇల్లు కదలలేనివారికి ఇగ్నోలో ఆంత్రోపాలజీ పీజీ ఉంది. అధ్యాపక అర్హత పరీక్ష నెట్ రాయడానికి అది సరిపోతుంది, ల్యాబులో చేయి తిరగడానికి సరిపోదు.

ఇక్కడ అధ్యాపకులైతే ఏం బోధిస్తారు? మానవ పరిణామం, జనాభా జన్యుశాస్త్రం, పిల్లల ఎదుగుదల, పోషణ, శరీర కొలతలు, వేలిముద్రల గీతలు, రక్తవర్గాలు. సిబ్బంది తక్కువైతే సామాజిక, పురావస్తు పేపర్లూ మీ నెత్తినే పడతాయి. ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ ఒక పేపరు, కొన్నిచోట్ల ఒక యూనిట్ మాత్రమే. టీవీ సీరియల్ చూసి వచ్చిన కుర్రవాడికి ఇది నిరాశే.

కానీ నన్నడిగితే ఈ దారిని తక్కువ చేసి చూడడం పొరపాటు. తెలుగు ప్రాంతంలో జీవ మానవశాస్త్రానికి అసలు బలం బతికున్న మనుషుల దగ్గర ఉంది. మేనరికాలనే తీసుకోండి. మేనమామ, మేనకోడలు పెళ్లిళ్లు ఇంత విస్తారంగా జరిగే సమాజాలు ప్రపంచంలో తక్కువ. ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాల తీరూ ఫలితాల మీద 1963లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. ఇప్పుడు ఆ పెళ్లిళ్లు తగ్గుతున్నాయి కాబట్టి అదే ప్రశ్న కొత్తగా అడగొచ్చు. సికిల్ సెల్ (వారసత్వంగా వచ్చే రక్తవ్యాధి) సంగతీ అంతే. పాడేరు, అరకు, ఆదిలాబాద్ ఏజెన్సీల్లో ఆ జన్యువు ఉంది. 2023లో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్షలు చేసేవాళ్లు దొరుకుతారు గాని, ఏ తెగలో ఎందుకు ఎక్కువుందో, పెళ్లి సంబంధాల తీరు దాన్ని ఎలా నడిపిస్తుందో విడమరచి చెప్పగలిగేది ఈ శాస్త్రం చదివినవారే. వారాంతంలో విద్యార్థుల్ని జీపెక్కించి ఫీల్డుకు తీసుకెళ్లగల మాస్టారికి ఇంతకు మించిన తరగతి గది ఇంకోటి ఉండదు.

ఎముకల పనికి ఈ శాఖల్లో చోటే లేదని కాదు. పంజాబ్‌లోని అజ్నాలాలో ఒక పాత బావి నుంచి 2014లో పెద్దఎత్తున అస్థికలు బయటపడ్డాయి. అవి 1947 విభజన నాటివని కొందరు, 1857 నాటి సిపాయిలవని కొందరు వాదించారు. వాటిని చేతబట్టి ఏళ్ల తరబడి పనిచేసింది చండీగఢ్ పంజాబ్ విశ్వవిద్యాలయ ఆంత్రోపాలజీ శాఖ అధ్యాపకుడు జె.ఎస్. సెహ్రావత్. హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ కలిశాయి. 50 నమూనాలకు డీఎన్‌ఏ, 85కు ఐసోటోపు పరీక్షలు (మనిషి ఏ ప్రాంతంలో పెరిగాడో చెప్పేవి) చేసి, వాళ్లు గంగా మైదానం నుంచి వచ్చినవాళ్లని 2022లో తేల్చారు. 26వ బెంగాల్ పదాతిదళపు సిపాయిలన్న వాదనకు అది బలమిచ్చింది. మన దేశంలో పాఠం చెప్పే మనిషి చేతికి ఎముకలు ఇలా వస్తాయి. పోలీసు కేసుగా కంటే చరిత్ర కేసుగానే ఎక్కువ. సీసీఎంబీ హైదరాబాద్‌లోనే ఉంది. తెలుగు విద్యార్థికి ఇది చిన్న వెసులుబాటు కాదు. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సు అస్థికల్లో 38 మందిని పరీక్షించి, అందులో 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలవారని 2019లో చెప్పిన పరిశోధనలోనూ ఆ సంస్థ పాత్ర ఉంది.

పూర్తిగా పాత ఎముకల మీదే మనసుంటే పుణెలోని డెక్కన్ కాలేజీ వైపూ చూడండి. అక్కడ దారి పురావస్తుశాస్త్రం గుండా పోతుంది. మహారాష్ట్రలోని ఇనాంగావ్ తవ్వకాల అస్థిపంజరాల మీద సుభాష్ వాలింబే చేసినలాంటి పని చేయాలనుకునేవారికి అది సరైన చోటు. కోర్టు మెట్లెక్కాలనుకునేవారికి కాదు.

ఇక అర్హతలు. పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష), లేకపోతే పీహెచ్‌డీ. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కొలువుకు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2023 జులైలో పక్కనపెట్టింది. కాగితం మీద నెట్ చాలు. ఇంటర్వ్యూ దాకా వెళితే మాత్రం పీహెచ్‌డీ, పరిశోధన పత్రాలు ఉన్నవాళ్లదే పైచేయి. నెట్‌లో ఆంత్రోపాలజీ కోడ్ 07. ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ఏపీ సెట్‌లోనూ ఈ సబ్జెక్టు ఉంది. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలూ జరుగుతున్నాయి. జేఆర్‌ఎఫ్ (నెట్‌లో పైస్థాయి ర్యాంకుకు ఇచ్చే పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ దశలో 42,000. ఉద్యోగం వస్తే మూలవేతనం 57,700తో మొదలై, కరువుభత్యం, ఇంటద్దె భత్యం పైన చేరతాయి.

అసలు చిక్కు 'ఉద్యోగం వస్తే' అన్న మాటలోనే ఉంది. మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం, నోటిఫికేషన్ వచ్చినా కోర్టు కేసుల్లో చిక్కుకోవడం అందరికీ తెలిసిందే. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగా నెట్టుకురావాలి. యూజీసీ 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి పీరియడ్‌కు 1,500, నెలకు గరిష్ఠంగా 50,000 అని పెట్టింది. అది అన్నిచోట్లా అమలవుతుందని నమ్మి ఇంటి బడ్జెట్ వేసుకోకండి. పైగా ఆంత్రోపాలజీ డిగ్రీ కళాశాలల్లో విస్తరించలేదు. తెలుగులోనో చరిత్రలోనో పీజీ చేసినవారికి జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల అని మెట్లుంటాయి. ఇక్కడ అవి లేవు, నేరుగా యూనివర్సిటీ పోస్టే. కాబట్టి సొంత రాష్ట్రమే కావాలన్న పట్టు ఉన్నవారు ఈ సబ్జెక్టులో బాగా ఇబ్బంది పడతారు. ఢిల్లీ, చండీగఢ్, సాగర్, పుదుచ్చేరి, అమర్‌కంటక్ ఎక్కడైనా సరే అనుకునేవారికి దారి తెరిచి ఉంటుంది.

ఇంకో మాట. తెలుగునాట ఆంత్రోపాలజీని ఎక్కువమందికి పరిచయం చేసింది విశ్వవిద్యాలయాలు కావు, సివిల్స్ కోచింగ్. అందులో ఇది ఆప్షనల్ సబ్జెక్టు: రెండు పేపర్లు, 500 మార్కులు, సిలబస్ చిన్నదన్న పేరు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఆ పాఠం చెప్పి శాఖాధిపతి జీతం కంటే ఎక్కువ సంపాదించేవారుంటారు. అదీ బోధనే, కొత్త పోస్టుల కోసం ఎదురుచూసే కాలంలో మంచి ఊతం కూడా. అలా చెబుతూ పరిశోధనకు దూరమైనవాళ్లు వెనక్కి రావడం మాత్రం అరుదు.

ఫోరెన్సిక్ సైన్స్ విభాగాలు

ఉద్యోగాల లెక్కలో ఇప్పుడు వేడి మీదున్నది ఈ దారే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 176(3) సెక్షన్ ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలానికి వెళ్లి తీరాలంటుంది. రాష్ట్రాలు దీన్ని అయిదేళ్లలోగా అమలుచేయాలి. నిపుణులు కావాలంటే కోర్సులు కావాలి, కోర్సులకు అధ్యాపకులు కావాలి. గుజరాత్ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయం 2020 చట్టంతో జాతీయ ఫోరెన్సిక్ శాస్త్రాల విశ్వవిద్యాలయమై గాంధీనగర్ దాటి వేరే రాష్ట్రాల్లోనూ ప్రాంగణాలు తెరిచింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనైతే బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ లేనివి వెతుక్కోవాలి.

మీరు ఇక్కడ బోధించేది ఎముకలు కాదు. వేలిముద్రలు, దస్తావేజులు, విషపదార్థాలు, రక్తపు మరకలు, డీఎన్‌ఏ, తుపాకులు, సైబర్ అన్నీ కలగలిపిన సిలబస్ ఇది. అందులో ఆంత్రోపాలజీ ఒక అధ్యాయం. పోస్టు ప్రకటనల్లో డీఎన్‌ఏ, టాక్సికాలజీ, సైబర్ నిపుణులకు గిరాకీ, ఎముకల మనిషికి తక్కువ. ప్రైవేటులో జీతం యూజీసీ స్కేలుకు దూరంగా ఉండొచ్చు. అడ్మిషన్ల సీజన్లో విద్యార్థుల్ని పట్టుకొచ్చే పనీ నెత్తిన పడొచ్చు.

ఇక్కడ చాలామంది చూడని గుంత ఒకటుంది. నెట్‌లో ఫోరెన్సిక్ సైన్స్ వేరు, కోడ్ 82. ఆంత్రోపాలజీ పీజీ చేసి 82లో నెట్ రాసినా, ఫోరెన్సిక్ పీజీ చేసి 07లో రాసినా, తర్వాత పోస్టుకు దరఖాస్తు చేసేటప్పుడు 'సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు' అన్న మాటను ఆ యూనివర్సిటీ ఎలా చదువుతుందో దాని మీద మీ భవిష్యత్తు ఆధారపడుతుంది. ఒకచోట తీసుకుంటారు, ఇంకోచోట స్క్రూటినీలోనే కొట్టేస్తారు. మీరు పనిచేయాలనుకునే నాలుగైదు సంస్థల పాత నోటిఫికేషన్లు దించుకుని అర్హతల గడి చదవండి. ఆ తర్వాతే పీజీలో చేరండి. ఈ చిక్కు తప్పించుకోవాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయం మంచి చోటు. అక్కడ ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్ నడిపేది ఆంత్రోపాలజీ శాఖే. రెండు గుంపుల ఆచార్యులతోనూ పరిచయం ఏర్పడుతుంది.

వైద్య కళాశాల

నిజమైన కేసులు, నిజమైన కోర్టు సాక్ష్యం కావాలి, అదీ తెలుగు రాష్ట్రాల్లోనే కావాలి అంటే మొహమాటం లేకుండా చెప్పాల్సింది ఇదే: ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, పైన మూడేళ్లు. ఎండీ క్లినికల్ సీట్ల కోసం కొట్టుకునే చోట ఫోరెన్సిక్ మెడిసిన్ సీటు కాస్త తేలిగ్గా దొరుకుతుంది. బయట ప్రాక్టీసు లేదన్నదే దానికి కారణం, బోధన ఇష్టమైనవారికి అది అడ్డంకే కాదు. పోస్టుమార్టం టేబుల్ దగ్గర పాఠం చెబుతారు, ఎముకల మూట మీ గదికే వస్తుంది, భారతీయ సాక్ష్య అధినియమం కింద నిపుణుడి హోదాలో కోర్టుకు వెళతారు. ఇంట్లో "శవాల డాక్టరా?" అన్న మొహాలు కొన్నాళ్లు తప్పవు. సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్లు దీన్ని మెల్లగా 'గవర్నమెంటు ప్రొఫెసర్' అని చెప్పుకుంటారు.

లోటూ ఉంది. ఫోరెన్సిక్ మెడిసిన్‌లో ఎముకలు ఒక భాగమే. గాయాలు, విషాలు, లైంగిక దాడి పరీక్షలు, వైద్య చట్టాలు అంతా కలిపి రోజు గడిచిపోతుంది. అయినా పరిశోధనకు ఇక్కడ పెద్ద ఖాళీ ఉంది. ఎముక పొడవు నుంచి ఎత్తు లెక్కకట్టే సూత్రాల్లో ప్రపంచమంతా వాడేవి ట్రాటర్, గ్లెసర్ 1952, 1958లలో ఇచ్చినవి. వాటికి ఆధారం ఎక్కువగా అమెరికా సైనికుల అస్థికలు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే భారతీయ గుణకాలు ఏమో పాన్ 1924లో, నాట్ 1931లో, సిద్దిఖీ, షా 1944లో ఇచ్చినవి. అవి బెంగాల్, బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, పంజాబ్ జనాలవి. దక్షిణాది తొడఎముకకు అవి ఎంత సరిపోతాయన్నది వైద్య కళాశాల అధ్యాపకుడు సీటీ స్కాన్లు ముందేసుకుని తేల్చగలిగిన ప్రశ్న. స్కాన్ మిషన్ ఆయన ప్రాంగణంలోనే ఉంటుంది, ఆంత్రోపాలజీ శాఖలో ఉండదు.

ఎంబీబీఎస్ లేకుండా వైద్య కళాశాలలో అడుగుపెట్టాలంటే ఎంఎస్సీ మెడికల్ అనాటమీ, తర్వాత పీహెచ్‌డీ. ఇది ఆంత్రోపాలజీ ఎంఎస్సీతో దొరకదు, వేరే కోర్సు. వైద్యేతర అధ్యాపకుల వాటా ఒకప్పుడు 30 శాతం ఉంటే తర్వాత 15కి తగ్గించారు. ఈ నిబంధన చుట్టూ గొడవ ఆగలేదు. మీరు చేరే ఏడాది నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధన ఏం చెబుతుందో స్వయంగా చదవకుండా ఈ దారిలో మూడేళ్లు పెట్టకండి.

అమెరికా పీహెచ్‌డీ

ఎముకా పాఠమూ ఒకే మనిషి చేతిలో ఉండే వ్యవస్థ అక్కడ ఎలా వచ్చిందో చెబితే ఆ దేశంలో శాఖల తీరు అర్థమవుతుంది. విలియం బాస్ అనే ఆంత్రోపాలజీ ప్రొఫెసర్ 1971లో నాక్స్‌విల్‌లోని టెనెసీ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. శవం ఎన్నాళ్లకు ఎలా కుళ్లుతుందో చెప్పే నమ్మకమైన లెక్కలు లేవని, దానం చేసిన దేహాలతో ఆరుబయట పరిశోధనా స్థలం మొదలుపెట్టాడు. తొలి దేహం 1981లో వచ్చింది. జనం 'బాడీ ఫామ్' అనే స్థలం అదే. తర్వాత టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం శాన్‌మార్కస్‌లో ఇంకా పెద్దది పెట్టింది. 1972లో అమెరికన్ ఫోరెన్సిక్ అకాడమీలో ఆంత్రోపాలజీకి విభాగం, 1977లో ధ్రువీకరణ బోర్డు వచ్చాయి. ఆ బోర్డు అత్యున్నత గుర్తింపు పీహెచ్‌డీ ఉన్నవారికే. అమెరికన్ ఫోరెన్సిక్ ఆంత్రోపాలజిస్టు క్లైడ్ స్నో 1984లో అర్జెంటీనా వెళ్లి, సైనిక పాలనలో మాయమైనవారి అస్థికలు వెతకడం అక్కడి విద్యార్థులకు నేర్పాడు. ఆ కుర్రాళ్ల బృందమే తర్వాత ప్రపంచమంతా తిరిగి సామూహిక సమాధులు తవ్వింది. బోధన ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇది చాలు.

తెలుగు విద్యార్థి లెక్కలు వేరే. పీహెచ్‌డీకి ఆరేడేళ్లు పడుతుంది. మంచి విషయం ఏమిటంటే టీచింగ్ అసిస్టెంట్‌గా ఫీజు మాఫీ, స్టైపెండ్ దొరుకుతాయి. ఫీజు కట్టి చేయాల్సిన మాస్టర్స్‌కూ దీనికీ పోలికే లేదు. స్టైపెండ్ లేని పీహెచ్‌డీ సీటును ఎంత పేరున్న చోటైనా వదిలేయమనే చెబుతాను. అప్పు చేసి ఆంత్రోపాలజీ చదివితే ఆ అప్పు తీర్చే జీతం ఈ రంగంలో తొందరగా రాదు.

చదువయ్యాక సంగతి కష్టం. టెన్యూర్ ట్రాక్ (శాశ్వత కొలువుకు దారితీసే) పోస్టు ఒక్కదానికి బోలెడుమంది పీహెచ్‌డీలు పోటీపడతారు. దొరకనివాళ్లు కోర్సుకు ఇంతని తీసుకుని ఊరూరా తిరిగే అడ్జంక్టులవుతారు. వీసా మీదున్నవాళ్లకు ఆ అడ్జంక్ట్ బతుకు కూడా కుదరదు, పూర్తికాల ఉద్యోగం కావాలి. యుద్ధాల్లో తప్పిపోయిన సైనికుల అస్థికలు గుర్తించే హవాయి రక్షణ శాఖ ల్యాబులాంటి ప్రభుత్వ కొలువులు సాధారణంగా పౌరసత్వం అడుగుతాయి. మనవాళ్లకు అనుకూలం ఒకటుంది: విశ్వవిద్యాలయాలకు హెచ్‌1బీ ఏటా 85,000 కోటా వర్తించదు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక చిన్న కళాశాలలు విదేశీయుల్ని తీసుకోవడానికి వెనకాడతాయన్నది ఇంకోవైపు. ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి) విషయంలో మీ డిగ్రీకి యూనివర్సిటీ ఇచ్చే సీఐపీ కోడ్ (సబ్జెక్టు వర్గీకరణ సంఖ్య) ఏమిటో ముందే అడగండి. స్టెమ్ (సైన్స్, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత) జాబితాలో ఉంటే మొత్తం మూడేళ్లు, లేకపోతే ఒక్క ఏడాదే. ఒకే సబ్జెక్టు ఒక యూనివర్సిటీలో ఒక కోడ్ కింద, ఇంకో చోట ఇంకో కోడ్ కింద ఉంటుంది.

నాకు నచ్చిన తెలివైన దారి వేరొకటి. అమెరికా వైద్య కళాశాలల్లో శవచ్ఛేదం పాఠం చెప్పేవారిలో చాలామంది జీవ మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసినవాళ్లే. ఆంత్రోపాలజీ శాఖల్లో పోస్టులు కుంచించుకుపోతున్నా అనాటమీ బోధకులకు గిరాకీ ఉంది. స్టోనీబ్రూక్, జాన్స్ హాప్‌కిన్స్ లాంటి చోట్ల పీహెచ్‌డీ విద్యార్థులు వైద్య విద్యార్థులకు అనాటమీ చెబుతూనే తమ పరిశోధన చేస్తారు. ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు 'అనాటమీ బోధన అనుభవం వస్తుందా' అన్నదాన్ని బాడీ ఫామ్ ఉందా లేదా అన్నదానికంటే పైన పెట్టుకోండి. పేరు వెనకాల పరుగెత్తేవాళ్లు బాడీ ఫామ్ వైపు పోతారు, ఉద్యోగం వెనకాల పరుగెత్తేవాళ్లు అనాటమీ వైపు.

అక్కడికి వెళితే ఒక విషయానికి సిద్ధపడి వెళ్లండి. 1985లో మన ప్రభుత్వం నిషేధించేవరకూ ప్రపంచంలోని వైద్య, ఆంత్రోపాలజీ తరగతి గదులకు అస్థిపంజరాలు ఎక్కువగా వెళ్లింది భారతదేశం నుంచే, అందులోనూ కలకత్తా నుంచి. పేరూ ఊరూ లేని ఆ పేదల ఎముకలు ఇవాళ్టికీ అమెరికా, బ్రిటన్ ల్యాబుల డ్రాయర్లలో ఉన్నాయి. మీరు పుర్రె పట్టుకుని ఎముకలు కలిసే కుట్లు ఎక్కడున్నాయో నేర్పుతుంటే అది మనవాళ్లదే కావచ్చు. 1990 నాటి చట్టం అమెరికా ఆదివాసుల అస్థికల్ని కాపాడుతుంది, దాని కొత్త నియమాలు 2024 జనవరి నుంచి ఇంకా కట్టుదిట్టమయ్యాయి. భారతీయ ఎముకలకు అలాంటి రక్షణ ఏదీ లేదు. ఫిలడెల్ఫియాలో 1985 పోలీసు బాంబు దాడిలో చనిపోయిన నల్లజాతి పిల్లల ఎముకల్ని మ్యూజియంలో ఉంచుకుని బోధనకు వాడారన్న సంగతి 2021లో బయటపడి పెద్ద దుమారం రేగింది. ఆ తర్వాత ఏ ఎముక ఎక్కడిదన్న ప్రశ్న ప్రతి శాఖలోనూ లేచింది. దీని మీద పనిచేయడానికి మన నేపథ్యం ఉన్నవాళ్లు కావాలి. నిధులిచ్చేవాళ్లూ ఇప్పుడు వింటున్నారు.

బ్రిటన్

ఏడాది మాస్టర్స్, మూడేళ్ల పీహెచ్‌డీ. కాలం కలిసొస్తుంది. డండీలోని అనాటమీ, మానవ గుర్తింపు కేంద్రం చాలామందికి మొదటి పేరు, పేరున్న ఫోరెన్సిక్ ఆంత్రోపాలజిస్టు స్యూ బ్లాక్ అక్కడ చాలా ఏళ్లు పనిచేశారు. రాయల్ ఆంత్రోపలాజికల్ ఇన్‌స్టిట్యూట్ మూడు అంచెల ధ్రువీకరణ ఇస్తుంది. నేర్చుకోవడానికి మంచి దేశం, స్థిరపడడానికి ఇప్పుడు కాదు. మాస్టర్స్ ఫీజు చేతి నుంచే పోతుంది, దానితో బోధన పోస్టు రాదు. 2024లో కెంట్ విశ్వవిద్యాలయం ఆంత్రోపాలజీని దశలవారీగా మూసేయాలని నిర్ణయించడం చూస్తే అక్కడి గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. పీహెచ్‌డీకి పూర్తి నిధులు దొరికితే వెళ్లండి.

ఎవరికి ఏది

ఇంటర్ బైపీసీలో ఉండి, నీట్ ర్యాంకు ఆశ ఉంటే వైద్య కళాశాల దారికి మించింది లేదు. ఎముకల కేసులూ, బోధనా, జీతమూ, సొంతూరూ నాలుగూ దొరికేది అక్కడే. బీఎస్సీ అయిపోయి జన్యుశాస్త్రం, గిరిజన ఆరోగ్యం మీద ఆసక్తి ఉంటే విశాఖో తిరుపతో ఢిల్లీయో ఎంఎస్సీ, 07లో జేఆర్‌ఎఫ్. జేఆర్‌ఎఫ్ రాకుండా పీహెచ్‌డీలో చేరడం మాత్రం నేను వద్దంటాను, ఇంట్లో ఇంకో ఆదాయం ఉంటే తప్ప. 1945లో మొదలై, ఇప్పుడు కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఆంత్రోపలాజికల్ సర్వే ఫెలోషిప్పులు కూడా చూసుకోండి. హరప్పా అస్థికలు దాని దగ్గరే ఉన్నాయి. ఫోరెన్సిక్ సైన్స్‌లో ఇప్పటికే పీజీ చేసినవారు ఎముకల మీద పట్టుబట్టకుండా డీఎన్‌ఏ వైపు జరిగితే పాఠం చెప్పే పోస్టు త్వరగా వస్తుంది. అమెరికా మాత్రం పరిశోధన లేకుండా బతకలేనివాళ్లకు, పదేళ్ల అనిశ్చితి తట్టుకోగలవాళ్లకు.

ఏ దారైనా గైడ్‌ను ఖాయం చేసుకునేముందు ఈమెయిల్‌లో నాలుగు విషయాలు అడగండి. గత అయిదేళ్లలో మీ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? శాఖలో ఎన్ని అస్థిపంజరాలున్నాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయి? మీరు ఏటా ఎన్ని కేసులు చూస్తారు, విద్యార్థిని వాటిలో కూర్చోనిస్తారా? మొదటి ఏడాది నుంచే తరగతి చెప్పనిస్తారా? చివరి ప్రశ్నకు 'చూద్దాం' అన్న జవాబొస్తే, బోధనే జీవితం అనుకునేవారు ఇంకో గైడ్‌ను వెతుక్కోవడం మేలు. అమెరికా ప్రోగ్రాంల గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది కాబట్టి ఆ ఈమెయిళ్లు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే వెళ్లాలి. యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు, జూన్, డిసెంబరు విడతల్లో ఉంటుంది. రెండిటికీ ఒకేసారి తయారవుతున్నవాళ్లు నెట్ జూన్‌లో రాసేస్తే శరదృతువంతా దరఖాస్తులకు మిగులుతుంది.